చెరువు నీటిని చదవాలంటే

చిరంజీవి మనవరాలికి,

డిగ్రీ ప్రాజెక్టుకు పోరుమామిళ్ల చెరువును ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369 నాటికి కట్టించిన అనంతరాజ సాగరం అది. చెరువులోకి దిగేముందు దాని శాసనం సంగతి తెలుసుకో. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటూ తియ్యటి నీళ్లు తెచ్చే ఏటిని అందులో చేర్చారు. చెప్పిన ఆరు దోషాల్లో చవుడు నేల ఒకటి. చెరువు నిండితే చాలదని, ఏ నీళ్లతో నిండిందో చూడాలని మన సీమలో అప్పుడే రాయి మీద చెక్కించారు.

నీళ్లు ఎలాంటివో ముందు చేపలను చూసి తెలుసుకో. వలలో ఎన్ని కిలోలు పడ్డాయన్నది చేపల వేలం పాడినవాళ్ల లెక్క. నువ్వు రకాలు లెక్కపెట్టు. బొచ్చె, శీలావతితో పాటు పరిగెలు, జల్లలు, బొమ్మిడాయిలు కూడా దొరుకుతుంటే నీళ్లు బాగున్నట్టే. కొరమీను, మార్పు చేపలు తప్ప ఇంకేవీ కనబడకపోతే అనుమానించు. ఆ రెండూ నీటి పైకొచ్చి గాలి మింగి బతకగలవు. కొరమీను దండిగా పడుతోందని చెరువుకు మంచి మార్కులు వేయొద్దు.

ఆక్సిజన్ కొలవడానికి పొద్దు పొడవకముందే వెళ్లు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. మన ఎండలకు అసలే తక్కువ. దానికి తోడు ఊరి మురుగు, పొలాల ఎరువు వచ్చి చేరితే నీళ్లు పచ్చగా పాచిపడతాయి. ఆ పాచి పగలు ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రంతా వాడేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తుంటే లోపల ఊపిరాడడం లేదని అర్థం. బొచ్చె, శీలావతి లాంటివాటికి కనీసం 5 మిల్లీగ్రాములైనా ఉండాలి. మధ్యాహ్నం మూడు గంటలకు కొలిచి బాగుందని రాస్తే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు. ఆ వేళకు పీహెచ్ చూడు. పాచి ఎక్కువైన నీటిలో అది 9 దాటుతుంది. అప్పుడు నీళ్లలోని అమ్మోనియా విషంగా మారుతుంది.

కప్పల సంగతి ఇంకా సున్నితం. కప్ప చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది, నీళ్లు కూడా చర్మం గుండానే పీల్చుకుంటుంది. నీటిలో ఏం కలిసినా దాని ఒంట్లోకి పోతుంది. పైగా మన దగ్గర తొలకరికి విత్తనం వేసేదీ, ఎరువు చల్లేదీ, కప్పలు గుడ్లు పెట్టేదీ ఒకేసారి. వాన వెలిసిన మర్నాడు కుంట అంచున గడ్డి పరకలు పక్కకు తీసి చూడు. ఒంటినిండా బుడిపెలుండే కప్ప పెట్టిన గుడ్లు, జిగురు దారంలో నల్లపూసలు గుచ్చినట్టు గడ్డికి చుట్టుకుని ఉంటాయి. నాపరాళ్ల పాలిషింగ్ జరిగే బేతంచెర్ల వైపు వెళ్తే, రాతిపొడి కలిసిన తెల్లటి నీళ్లు కుంటల్లోకి వస్తున్నాయేమో గమనించు. ఆ పొడి గుడ్ల మీద పేరుకుంటుంది, చేపల మొప్పల్లో చేరుతుంది.

ఎండాకాలం ఇంకిపోయే కుంటలను తక్కువగా చూడకు. ఏటా ఎండిపోవడం వల్ల వాటిలో చేపలు నిలవవు, అందుకే తోకకప్పలు బతికి బట్టకడతాయి. దోమల కోసమని గంబూసియా చేపలు తెచ్చి అలాంటి కుంటల్లో వదలడం నాకు నచ్చదు. అవి దోమపిల్లలతో పాటు తోకకప్పలనూ తింటాయి. తోకకప్ప పెరిగి కప్పయితే పురుగులు తినిపెట్టేది అదే కదా.

పెద్ద చెరువుతో ఆపేయకుండా చుట్టుపక్కల కుంటలను కూడా నీ రికార్డులో చేర్చు. పని అయ్యాక ఒక కాపీ పంచాయతీకి ఇచ్చి, మురుగు కాలువ చెరువులోకి రాకుండా మళ్లించమని అడుగు. అడగడానికి మొహమాటపడకు తల్లీ.

ఆశీస్సులతో,
మీ తాత