మంచం పక్కన గుండె పరీక్ష: యంత్రం ఒక్కటే చాలదు



మా సంఘం వైద్య సహాయం గురించి మాట్లాడినప్పుడల్లా దాతలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. “చేతిలో పట్టేంత గుండె స్కానింగ్ యంత్రం వచ్చిందట కదా, ఒకటి కొని ఆసుపత్రికి ఇచ్చేద్దామా?” అడిగేవారి ఉద్దేశం మంచిదే. జవాబు చెప్పే ముందు ఆ పరీక్ష ఏమిటో, దాన్ని చేసేదెవరో తెలుసుకోవాలి. ఈ వ్యాసం అందుకే.

ఆయాసం ఒకటే, కారణాలు వేరు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. వారి కోసమే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది.

డయాలసిస్ మీద ఉన్న మనిషి ఒక రాత్రి ఆయాసంతో ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. ఒంట్లో నీరు పెరిగి ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు. అప్పుడు ఆ నీటిని తీసేయాలి. గుండె కండరమే బలహీనపడి ఉండవచ్చు. లేదా గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరి గుండెను నొక్కేస్తూ ఉండవచ్చు. ఈ మూడోదే అయితే, ఒంట్లో నీరు తీసే వైద్యంతో బీపీ ఇంకా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ సంచిలోని నీటిని సూదితో బయటికి లాగాలి. పైకి కనిపించే బాధ ఒకటే, వైద్యం మాత్రం ఎదురుబొదురు.

గర్భిణుల సంగతీ చూడండి. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత కీళ్లవాతం వచ్చిన కొందరు ఆడపిల్లలకు గుండె వాల్వు సన్నబడిపోతుంది. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఆ సన్నని దారిలోంచి అంత రక్తం సాగదు, ఆయాసం వస్తుంది. దాన్ని రక్తహీనత అనుకుని మాత్రలిచ్చి ఇంటికి పంపితే కాన్పు సమయంలో గండం.

ఇలాంటి రాత్రి మంచం పక్కన మొదట నిలబడేది గుండె నిపుణుడు కాదు, హౌస్ సర్జనో పీజీ డాక్టరో. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైమాటే. రోగిని పంపాలా, ఇక్కడే సూది వేయాలా అన్నది ఆ కుర్ర డాక్టరు నిమిషాల్లో తేల్చుకోవాలి.

ఈ పరీక్ష ఎలా పనిచేస్తుంది?

1953లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి మొదటిసారి శబ్ద తరంగాలతో గుండె కదలికను నమోదు చేశారు. లోహంలో లోపాలు వెతకడానికి వాడే యంత్రాన్ని అరువు తెచ్చుకుని వారు ఈ పని చేశారు. ఎడ్లర్ వెతికిందీ సన్నబడిన వాల్వునే.

మన చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినగలదు. గుండె పరీక్షకు వాడేవి సుమారు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలు. ఆ శబ్దం లోపలికి వెళ్లి, తిరిగొచ్చే ప్రతిధ్వని బొమ్మగా మారుతుంది. ఇందులో ఎక్స్‌రే లేదు కాబట్టి గర్భిణికి కూడా చేయవచ్చు. అయితే ఎముకనూ గాలినీ ఈ శబ్దం దాటలేదు. అందుకే పక్కటెముకల సందుల్లో, రొమ్ము ఎముక కింద, సరైన చోట, సరైన వాలులో ప్రోబ్ పెట్టాలి. కాస్త పక్కకు జరిగితే మంచి గుండె కూడా చెడ్డగా కనిపిస్తుంది. శిక్షణ అవసరం ఇక్కడే.

ఏమి నేర్పాలి?

కుర్ర డాక్టర్లకు పూర్తి ఎకో నేర్పనక్కరలేదు. అయిదు ప్రశ్నలకు జవాబు వెతకడం నేర్పితే చాలు.

1. గుండె బలంగా కొట్టుకుంటోందా?
2. గుండె చుట్టూ నీరు ఉందా?
3. కుడివైపు గది ఉబ్బిందా?
4. గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర నిండుగా ఉందా, ముడుచుకుందా?
5. వాల్వులో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం ఉందా?

మొదట బొమ్మలు, వీడియోలతో పాఠం. తర్వాత ఆరోగ్యవంతులైన తోటివారి మీద సాధన. ఆ తర్వాత అనుభవజ్ఞుల పక్కన నిలబడి రోగుల మీద. తీసిన ప్రతి బొమ్మనూ పెద్ద డాక్టరు చూసి తప్పొప్పులు చెప్పాలి. అమెరికా అత్యవసర వైద్యుల సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో రకం పరీక్షలో ఇలా సరిచూసినవి 25 నుంచి 50 దాకా చేయాలి. ఒక్కరోజు శిబిరం పెట్టి సర్టిఫికెట్ ఇస్తే సరిపోదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం మరొకటుంది. “నాకు సరిగా కనిపించడం లేదు” అని ధైర్యంగా చెప్పడం. అయిదు ప్రశ్నలకూ జవాబు బాగానే వచ్చినా గుండెజబ్బు లేదని అర్థం కాదు. అనుమానం ఉంటే నిపుణుడి దగ్గర పూర్తి ఎకో చేయించాల్సిందే.

చట్టం, మర్యాద

ఏ స్కానింగ్ యంత్రమైనా లింగ నిర్ధారణ నిషేధ చట్టం (1994) పరిధిలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేని చోటికి యంత్రాన్ని అమ్మడమే కాదు, ఉచితంగా ఇవ్వడమూ నేరమే. కాబట్టి దాత నేరుగా కొని చేతికివ్వడం కుదరదు. ఆసుపత్రి ద్వారా, అనుమతులతోనే జరగాలి.

ఛాతీ మీద చేసే పరీక్ష కనుక మన తల్లులు, చెల్లెళ్లు సిగ్గుపడి వద్దనవచ్చు. తెర, కప్పుకోవడానికి దుప్పటి, వీలైతే నేర్చుకున్న లేడీ డాక్టరు. ఇవీ ఖర్చు లెక్కలో ఉండాలి.

మా జవాబు

శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008 నుంచి నడుస్తోంది. విజయనగరంలో 2023లో మొదలైంది. కుర్ర డాక్టర్లకు మన జిల్లాల్లో కొదవ లేదు. అందుకని మా మాట ఇది: యంత్రం ఇచ్చే ముందు నాలుగు సంగతులు అడుగుదాం. నేర్పేవారెవరు? బొమ్మలు సరిచూసేదెవరు? రిజిస్ట్రేషన్ ఉందా? జెల్, మరమ్మతు ఖర్చు ఎవరిది? వీటికి జవాబు లేకపోతే యంత్రం బీరువాలో ఉండిపోతుంది. జవాబు ఉంటే, శిక్షకుల ప్రయాణానికీ సాధన సామగ్రికీ ఇచ్చిన రూపాయి యంత్రం కన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఇందుకు జకాత్ సొమ్ము చెల్లుతుందో లేదో ఉలమాలను అడిగాకే ముట్టుకుందాం. అంతవరకు సాధారణ విరాళాలే వాడదాం.

యంత్రం కొన్నేళ్లకు పాడవుతుంది. నేర్చుకున్న డాక్టరు మరొకరికి నేర్పుతాడు, ఆ మరొకరు ఇంకొకరికి. సదఖా జారియా అని మనం అనుకునేది ఇలాంటి దాన్నే కదా. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.