గ్రుడ్లు పెట్టి పాలిచ్చు జంతువులు

ప్రాణులు పుట్టు విధమును బట్టి మన పూర్వులు వానిని నాలుగు తెగలుగా విభజించిరి. మావితో పుట్టునవి జరాయుజములు. మనుష్యులు, పశువులు ఈ తెగలోనివారు. గ్రుడ్డు నుండి వెలువడునవి అండజములు. పక్షులు, పాములు, చేపలు ఇందు చేరినవి. చెమట వలన పుట్టునని వారు తలచిన పేను, నల్లి మొదలైనవి స్వేదజములు. నేలను చీల్చుకొని మొలచు చెట్టుచేమలు ఉద్భిజ్జములు. పేనును, నల్లియు గూడ గ్రుడ్ల నుండియే పుట్టునని నేడు మనకు తెలియును గనుక మూడవ తెగను విడువవలసినదే. తక్కిన విభాగము నేటికిని చక్కగనే యున్నట్లు తోచును.

ఇండ్లలో పెద్దలు పిల్లలకు మరియొక గుర్తు చెప్పుచుందురు. చెవులు బయటికి కనబడు జంతువులు పిల్లలను కనును, కనబడనివి గ్రుడ్లు పెట్టును అని. ఆవును, కుక్కను, కోడిని, తొండను చూచి ఈ సూత్రమును మనమందరమును పరీక్షించియే యుందుము. బడిలో నేర్చిన పాఠము దీనికి తోడగును. వెండ్రుకలు గలిగి పిల్లలకు పాలిచ్చునవి క్షీరదములు. అవి పిల్లలను కనును. గ్రుడ్లు పెట్టునవి పాలియ్యవు. ఈ రెండు గదుల నడుమ గట్టి గోడ యున్నదని మన నమ్మకము. ఆ గోడను లెక్కచేయక రెండు గదులలోను కాపురముండు జంతువులు కొన్ని భూమిపై కలవు. అవి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు నుండి వచ్చిన పిల్లకు పాలిచ్చును. వానిని గూర్చి ఈ వ్యాసమున తెలిసికొందము.

అవి ఏవి? ఎచ్చట నున్నవి?

ఇట్టి జంతువులు నేడు అయిదు జాతులు మాత్రమే మిగిలియున్నవి. అందొకటి ప్లాటిపస్. తక్కిన నాలుగును ఎకిడ్నాలు. ప్లాటిపస్ ఆస్ట్రేలియా తూర్పు భాగమునందలి నదులలోను, టాస్మేనియా దీవిలోను నివసించును. పొట్టిముక్కు ఎకిడ్నా ఆస్ట్రేలియా అంతటను, న్యూగినీలోను కలదు. పొడుగుముక్కు ఎకిడ్నాలు మూడు జాతులు. ఇవి న్యూగినీ అడవులలో మాత్రమే కనబడును. మన దేశమున ఇవి లేవు. మన ఏదుపందికి ముండ్లున్నను అది పిల్లలను కనును. ఎకిడ్నాకు బంధువు కాదు.

ఈ తెగకు శాస్త్రజ్ఞులు మోనోట్రీములు అని పేరిడిరి. ఒకే రంధ్రము గలవి అని దాని యర్థము. పక్షులకును, పాములకును వలె మలము, మూత్రము, గ్రుడ్డు అన్నియు ఒకే ద్వారమున వెలువడును గనుక ఆ పేరు వచ్చినది.

ఎనుబదియైదేండ్ల వివాదము

1798లో న్యూసౌత్‌వేల్స్ గవర్నరుగా నుండిన జాన్ హంటరు ప్లాటిపస్ చర్మమును, దాని చిత్రమును ఇంగ్లండునకు పంపించెను. మరుసటి యేట బ్రిటిష్ మ్యూజియములోని జార్జి షా అను పండితుడు అట్టి చర్మమును పరీక్షించెను. నీటికుక్క వంటి రోమశరీరము, బాతు వంటి ముక్కు, వెడల్పైన తోక! ఎవరో రెండు జంతువులను అతికించి మోసగించిరేమోయని తనకు సందేహము కలిగినట్లు ఆయన వ్రాసెను. అతుకు కనబడలేదు. చదునైన పాదము గలది అను అర్థమున దానికి ప్లాటిపస్ అని పేరు పెట్టెను. ఆ పేరు అప్పటికే ఒక పురుగునకు ఉండుటచే శాస్త్రగ్రంథములలో దానిని మార్చి, పక్షిముక్కు గలది అను అర్థమున ఆర్నితోరింకస్ అనిరి. లోకమున మాత్రము తొలిపేరే నిలిచినది.

జంతువు నిజమైనదేయని తేలిన పిమ్మట అసలు వివాదము మొదలయ్యెను. 1824లో జర్మను శాస్త్రజ్ఞుడు మెకెల్ ఆడు ప్లాటిపస్ పొట్టలో పాలగ్రంథులను కనుగొన్నట్లు ప్రకటించెను. ఫ్రాన్సు దేశపు జెఫ్రాయ్ సెంటిలేర్ దీనిని ఒప్పుకొనలేదు. చనుమొనలు లేవు గనుక అవి పాలగ్రంథులు కావనియు, ఈ జంతువు గ్రుడ్లు పెట్టుననియు ఆయన వాదించెను. ఇంగ్లండునందలి రిచర్డు ఓవెన్ అవి పాలగ్రంథులేయని నిరూపించెను. కాని గ్రుడ్డు తల్లి కడుపులోనే చిట్లి పిల్ల బయటికి వచ్చునని పట్టుబట్టెను.

ఇచ్చట మనమొక విషయమును గమనింపవలెను. పాలున్నచో గ్రుడ్డు పెట్టదని ఒక పక్షము, గ్రుడ్డు పెట్టినచో పాలుండవని రెండవ పక్షము వాదించినవి. ఇరువురి చేతిలోను సగము సత్యము కలదు. రెండును కలిసి యుండవచ్చునన్న తలపు మాత్రము వారిలో చాలమందికి రాలేదు. పుస్తకమునందలి పట్టికయే ప్రకృతి యని వారు భ్రమించిరి.

ఆ నదీతీరములందే తరతరములుగా జీవించిన ఆదివాసులు ఈ జంతువును ఎరుగుదురు. దానికి వారి భాషలలో మల్లంగాంగ్, టాంబ్రీట్ మొదలైన పేర్లు కలవు. అది గ్రుడ్లు పెట్టునని వారిలో కొందరు తెల్లవారికి చెప్పిరి. పండితులు ఆ మాటను ప్రమాణముగా గ్రహింపలేదు. తుదకు 1884లో విలియం కాల్డ్‌వెల్ అను యువశాస్త్రజ్ఞుడు క్వీన్స్‌లాండునందలి బర్నెట్ నదీతీరమున దిగి, ఆ ఆదివాసులనే సహాయముగా పెట్టుకొని వెదకెను. ఒక గ్రుడ్డు పెట్టి రెండవది పెట్టబోవుచున్న ప్లాటిపస్ ఆయనకు దొరకెను. వెంటనే నాలుగే మాటలలో తంతి పంపెను. ఏకరంధ్ర జంతువులు గ్రుడ్లు పెట్టును, ఆ గ్రుడ్డు పక్షుల గ్రుడ్డు వలె పాక్షికముగా విభజన చెందును అని దాని భావము. ఆ వార్త కెనడాలోని మాంట్రియల్ నగరమున కూడిన శాస్త్రసభలో 1884 సెప్టెంబరు 2వ తేదీన చదువబడెను. అదే దినమున ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున విల్‌హెల్మ్ హాకె అను మరియొక శాస్త్రజ్ఞుడు ఎకిడ్నా సంచిలో దొరకిన గ్రుడ్డు పెంకును సభవారికి చూపెను. ఈ విజయమునకై వందలకొలది జంతువులు బలియైనవని కూడ మనము మరువరాదు.

గ్రుడ్డు, పాలు

ఆడు ప్లాటిపస్ ఏటి గట్టున పొడవైన బొరియ త్రవ్వి, తడి ఆకులను తోక క్రింద ఇరికించుకొని తెచ్చి పడక యేర్పరచుకొనును. సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు 17 మిల్లీమీటర్ల పొడవుండును. దాని పెంకు కోడిగ్రుడ్డు పెంకు వలె పెళుసైనది కాదు. బల్లిగ్రుడ్డు వంటిది కూడ కాదు. మెత్తని తోలు వలె నుండును.

కోడిగ్రుడ్డునకును దీనికిని గొప్ప భేదము కలదు. కోడి తన పిల్లకు కావలసిన ఆహారమంతయు పచ్చసొన, తెల్లసొనల రూపమున ముందుగనే మూట గట్టి పంపును. ప్లాటిపస్ గ్రుడ్డు అండాశయము నుండి వెలువడునప్పుడు 4 మిల్లీమీటర్లు మాత్రమే యుండును. అది సుమారు 4 వారములు తల్లి గర్భమున నుండి, అచ్చటి పోషకద్రవములను పలుచని పెంకు ద్వారా పీల్చుకొని పెరుగును. అనగా గ్రుడ్డులో నున్నను ఆ పిల్ల కొంతకాలము తల్లి కడుపున పెరిగినదే. గ్రుడ్లు పెట్టిన తరువాత తల్లి ముడుచుకొని పరుండి, పొట్టకును తోకకును నడుమ వానిని అదిమి 10 దినములు పొదుగును. వెలువడిన పిల్ల చిక్కుడుగింజంత యుండును. వెండ్రుకలుండవు, కన్నులు తెరువవు.

పాలు త్రాగు విధము మరింత వింత. తల్లికి చనుమొనలు లేవు. పొట్టపై రెండు చోట్ల చర్మరంధ్రముల నుండి పాలు చెమట వలె ఊరి వెండ్రుకలను తడుపును. పిల్లలు వానిని జుఱ్ఱుకొనును. ఇట్లు బయట ఊరిన పాలకు మన్ను, క్రిములు తగులుట సహజము. ఆ పాలలో క్రిములను చంపు ప్రత్యేక మాంసకృత్తు కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 3, 4 నెలలు పాలు త్రాగి పిల్లలు బొరియ వెడలును. క్షీరదమనగా పాలిచ్చునది. ఆ మాట ప్లాటిపస్‌కు పూర్తిగా తగును. వెండ్రుకలు, ఒకే ఎముకతో నేర్పడిన క్రింది దవడ, చెవిలోని మూడు చిన్న ఎముకలు, ఇవన్నియు గూడ క్షీరద లక్షణములే.

దీనికి చెవిదొప్పలు లేవు. కావున పెద్దల సూత్రము ఇచ్చట నెగ్గినది. బడి సూత్రము ఓడినది. అయితే తిమింగిలమునకును చెవిదొప్పలు లేవు, అది పిల్లలనే కనును. కావున పెద్దల సూత్రమును సంపూర్ణము కాదు.

ముక్కు, ముల్లు

ప్లాటిపస్ నీట మునిగినప్పుడు కన్నులు, చెవులు, ముక్కురంధ్రములు మూసికొనును. మరి పురుగులను, రొయ్యలను ఎట్లు పట్టును? ప్రాణి కండరములు కదలునప్పుడు అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పసిగట్టు గ్రాహకములు ప్లాటిపస్ ముక్కుపై సుమారు 40,000 కలవు. ఈ సంగతి 1986లో బయటపడినది. ఆ ముక్కు బాతుముక్కు వలె గట్టిది కాదు. మెత్తని తోలు వంటిది.

మగ ప్లాటిపస్ వెనుక కాళ్లకు కోడిపుంజు కాలిముల్లు వంటి ముల్లు కలదు. దానిలో విషమున్నది. ఈనిక ఋతువున అది హెచ్చును. మగవి ఒకదానితో నొకటి పోరుటకు ఉపయోగించుకొనునని తలచుచున్నారు. మనుష్యునకు గ్రుచ్చుకొనినచో ప్రాణము పోదు గాని బాధ వారములకొలది వేధించును.

ఎకిడ్నా సంసారము

ఎకిడ్నా ఒంటినిండ ముండ్లు గలది. దంతములు లేవు. సన్నని పొడుగు నాలుకతో చీమలను, చెదపురుగులను నాకి తినును. ఆడు ఎకిడ్నా ఒకే గ్రుడ్డు పెట్టి, ఆ కాలమున తన పొట్టపై నేర్పడు సంచిలో దాచుకొనును. 10 దినములకు పిల్ల పుట్టును. దాని బరువు అర గ్రాము కూడ నుండదు. సుమారు 50 దినములు సంచిలోనే పాలు త్రాగి పెరుగును. ముండ్లు మొలచుటతో తల్లి దానిని బొరియలో నుంచి మేతకు పోవును. అటుపిమ్మట అయిదారు దినముల కొకమారు వచ్చి కడుపునిండ పాలిచ్చి పోవును. ఇట్లు మొత్తము ఆరేడు నెలలు పెంచును.

పొడుగుముక్కు ఎకిడ్నాలలో ఒక జాతికి ప్రకృతిని గూర్చి చలనచిత్రములు తీసిన డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టిరి. 1961లో దొరకిన ఒకే కళేబరము వలన ఆ జాతి తెలిసినది. తరువాత అది నశించినదేమోయని భయపడిరి. 2023లో ఇండోనీసియా పాపువాలోని సైక్లోప్స్ కొండలలో దాని చలనచిత్రమును తీయగలిగిరి. ఆ ప్రాంతమునందలి యాంగ్సు సపారి గ్రామమువారి ఆచారమొకటి చెప్పుదురు. ఇరువురు తగవులాడినచో ఒకనిని కొండపైకి ఎకిడ్నాను వెదకుటకును, రెండవవానిని సముద్రము మీదికి మార్లిన్ చేపను వెదకుటకును పంపుదురట. అవి దొరకుట కష్టము గనుక వెదకులాటలో ఏండ్లు గడచి కోపము చల్లారును.

మనకు వీనికి ఏమి చుట్టరికము?

గ్రుడ్లు పెట్టుటను చూచి కొందరు ఈ జంతువులను మన తాతలనుకొందురు. కొందరు సగము తయారైన క్షీరదములనుకొందురు. రెండును పొరపాటు. ఇవి మనకు తాతలు కావు, దాయాదులు. ఉమ్మడి కుటుంబము నుండి సుమారు 18, 19 కోట్ల సంవత్సరముల క్రిందట వేరుపడిన శాఖ యిది. మన శాఖ గ్రుడ్డును విడిచి మావిని ఆశ్రయించినది. వారి శాఖ గ్రుడ్డును నిలుపుకొని విద్యుత్తు పసిగట్టు ముక్కును సంపాదించినది. పిత్రార్జితమును కాపాడుకొన్నంత మాత్రమున వెనుకబడినట్లు కాదు.

ఈ చుట్టరికమునకు జీవకణములలోనే సాక్ష్యము కలదు. 2008లో ప్లాటిపస్ జన్యువులను చదివిరి. పాలకు సంబంధించిన జన్యువులు మనకున్నట్లే దానికిని ఉన్నవి. పచ్చసొనను తయారుచేయు జన్యువులు కోడికి మూడు, ప్లాటిపస్‌కు పనిచేయునది ఒకటి. మనకు పనిచేయునది ఒకటియు లేదు; కాని వాని శిథిలములు మనలో నేటికిని మిగిలియున్నవి. ఒకప్పుడు మన పూర్వప్రాణులును గ్రుడ్లు పెట్టినవేయని ఇందువలన తెలియుచున్నది.

ఆస్ట్రేలియాలో ఓపల్ రత్నముగా మారిన ఒక దవడ దొరకినది. అది సుమారు 10 కోట్ల యేండ్ల నాటి ఏకరంధ్ర జంతువుది. దక్షిణ అమెరికాలో గూడ 6 కోట్ల యేండ్ల నాటి దంతము లభించినది. ఈ ఖండములు ఒకప్పుడు గోండ్వానా అను మహాఖండమున కలిసియుండెను. మన దేశమును అందొక భాగమే. ఆ పేరు మధ్యభారతమునందలి గోండుల సీమను బట్టి వచ్చినది. ఆదిలాబాదు అడవులలోని గోండులు ఆ జాతివారే.

నేటి స్థితి

పూర్వము బొచ్చుకొరకు ప్లాటిపస్‌లను వేటాడుచుండిరి. ఇప్పుడు చట్టము వానిని రక్షించుచున్నది. అయినను నదులపై ఆనకట్టలు, అనావృష్టి, చేపల వలలు వానికి ముప్పు తెచ్చుచున్నవి. 2016లో ఈ జాతి అపాయమునకు సమీపించినదిగా అంతర్జాతీయ పట్టికలో చేరినది. 1966 నుండి ఆస్ట్రేలియా 20 సెంట్ల నాణెముపై ప్లాటిపస్, 5 సెంట్ల నాణెముపై ఎకిడ్నా ముద్రింపబడుచున్నవి. బొమ్మ నాణెముపై నిలిచినంత సులభముగా ప్రాణి నదిలో నిలువదు. ఏటిలో నీరుండవలెను, గట్టున మన్నుండవలెను.

పట్టికలు మనము వ్రాసికొన్నవి. ప్రాణులు వానిని చదివి పుట్టవు. పట్టికలో ఇమడని ప్రాణి కనబడినప్పుడు దిద్దవలసినది పట్టికను. ఇట్లు దిద్దుకొనుటయే శాస్త్రము.

అభ్యాసము

1. ప్లాటిపస్ క్షీరదమని చెప్పుటకు ఏయే లక్షణములు ఆధారములు?
2. కోడిగ్రుడ్డునకును, ప్లాటిపస్ గ్రుడ్డునకును గల భేదములేవి?
3. మెకెల్, జెఫ్రాయ్, ఓవెన్ వాదములలో ఎవరి మాటలో ఎంత నిజము కలదు?
4. ఆదివాసుల మాటను మొదటనే పరీక్షించియున్నచో ఏమి జరిగియుండును? పది వాక్యములలో వ్రాయుడు.
5. చెవులను గూర్చిన పెద్దల సూత్రము మీ యూరి జంతువులలో దేనికి చెల్లును, దేనికి చెల్లదు? చూచి పట్టిక వ్రాయుడు.

తల్లిదండ్రులకు మనవి: ఈ పాఠమును పిల్లలచేత ఇంట తెలుగున చెప్పించుడు. చుట్టుప్రక్కల వినబడు భాషలో ఈ జంతువుల పేర్లు వారికి తెలిసియుండవచ్చును. మన మాటలలో విడమరచి చెప్పగలిగిన నాడే పాఠము వారి సొంతమగును.