క్షేత్ర నమూనాల నమోదులో ఎలక్ట్రానిక్ ప్రయోగశాల నోట్‌బుక్: ఏలూరు, కొల్లేరు ప్రాంత ఉదాహరణలు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో వందలాది మంది మూర్ఛ లక్షణాలతో ఆసుపత్రుల పాలైనప్పుడు రక్తం, తాగునీరు తదితర నమూనాలు పలు జాతీయ సంస్థలకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. పురుగుమందుల అవశేషాల పాత్ర కూడా చర్చకు వచ్చింది. ఇటువంటి సమయంలో ఒక సంస్థ ఫలితాన్ని మరొక సంస్థ ఫలితంతో పోల్చాలంటే, రెండు సీసాలలోని నీరు ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీసినదో ముందు తేలాలి.

సీసా సంగతి కూడా చిన్నది కాదు. భారలోహాల పరీక్షకు నీటిని ప్లాస్టిక్ సీసాలో తీసి, నత్రికామ్లం కలిపి ఉదజని సూచికను 2 కంటే తగ్గిస్తారు. పురుగుమందుల అవశేషాలకు ముదురు గోధుమరంగు గాజు సీసా వాడి, చల్లగా ఉంచుతారు. ఒకదాని కోసం తీసిన నీటిని మరొకదానికి వాడినా యంత్రం ఏదో ఒక అంకె చూపుతుంది. ఆ అంకెను నమ్మడానికి వీలుండదు.

కొల్లేరు పరిసర చేపల చెరువులలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠంగాను, మధ్యాహ్నానంతరం అధికంగాను ఉంటుంది. కనుక వేళ నమోదు కాని కొలత నిష్ప్రయోజనం. ఉప్పుటేరు సముద్రంతో కలుస్తుంది గనుక, అక్కడి లవణీయతకు ఆటుపోట్ల స్థితి కూడా వ్రాయాలి. పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ గల ఆయిల్ పామ్ విషయంలోనూ ఇంతే: ఎదిగిన చెట్టులో పోషక విశ్లేషణకు 17వ మట్ట ఆకులను తీసుకుంటారు. మట్ట సంఖ్య లేని పొట్లం ఏ చెట్టు ఆకైనా కావచ్చు.

కాగితపు రిజిస్టరులో ఈ వివరాలు వ్రాయలేమని కాదు. వ్రాయకపోయినా అది అడగదు. ఎలక్ట్రానిక్ నోట్‌బుక్‌లో వేళ, స్థలం, సీసా రకం, భద్రపరచిన విధానం తప్పనిసరి గడులుగా పెట్టవచ్చు. దిద్దుబాటు చేస్తే పాత అంకె చెరగదు. ఎవరు, ఎప్పుడు మార్చారో నిలుస్తుంది. ఒక మట్టి నమూనాను నాలుగు భాగాలు చేస్తే, ప్రతి భాగపు సంఖ్య మూల సంఖ్యతో ముడిపడి ఉంటుంది. ఈల్యాబ్ఎఫ్‌టిడబ్ల్యు వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నందున, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయ విద్యార్థులకు సైతం ఖర్చు పెద్ద అడ్డంకి కాబోదు. అసలు భారం నిర్వహణ: సర్వరు, రోజువారీ నకళ్లు, విద్యార్థి వెళ్లిపోయాక ఖాతా ఎవరి అధీనంలో ఉండాలన్న నిర్ణయం.

లంక గ్రామాలలో సిగ్నల్ అందకపోతే ఫోనులో వ్రాసుకొని తరువాత ఎక్కించవలసి వస్తుంది. అప్పుడు సేకరించిన వేళ, నమోదు చేసిన వేళ వేర్వేరు గడులలో ఉండాలి. సీసాకు మాత్రం పెన్సిలుతో వ్రాసిన చీటీ కట్టవలసిందే; తడి తగిలితే సిరా అలుక్కుపోతుంది.