కైకోస్ పైన్ వనాలు

చెరకు పండించే రైతుకు పొలుసు పురుగు కొత్తది కాదు. గడకు అంటుకొని, కదలక మెదలక, పొలుసు చాటున దాగి రసం పీల్చే ఈ కీటకాన్ని తొలిచూపులో ఎవరూ పురుగు అనుకోరు. బెరడుపై లేచిన పొక్కు అనుకొంటారు. ఈ వర్గంలో అన్నీ శత్రువులే కావు. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలనిచ్చే లక్క కూడ ఇటువంటి పురుగు స్రవించినదే.

ఉత్తర అమెరికా పైన్ చెట్లపై తాబేటి డిప్ప ఆకారం గల పొలుసు పురుగు ఒకటి అనాదిగా జీవిస్తున్నది. చలి అధికంగా ఉండే ప్రాంతాలలో దానికి ఏడాదికి ఒకే తరం. అక్షింతల పురుగులు, చిన్న కందిరీగలు దానిని అదుపులో ఉంచుతాయి. అందువల్ల స్వస్థానంలో అది పెద్ద బెడద కాలేదు.

బహామాస్‌కు ఆగ్నేయంగా టర్క్స్, కైకోస్ దీవులున్నాయి. బ్రిటన్ పాలనలోని ఈ దీవులకు కైకోస్ పైన్ జాతీయ వృక్షం. బహామాస్‌లోను, ఇక్కడను తప్ప ఈ రకం పైన్ సహజంగా మరెక్కడా పెరగదు. 2005లో ఈ వనాలలో తాబేటి పొలుసు పురుగు కనిపించింది. క్రిస్మస్ పండుగకు దిగుమతి చేసుకొన్న చెట్లతో అది వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. పండుగ ముచ్చటకు తెచ్చిన కొమ్మ జాతీయ వృక్షానికే ముప్పు తెచ్చిందన్నమాట!

ఈ దీవులలో చలికాలపు గడ్డు లేదు. పురుగు తరాల మీద తరాలు పెరిగింది. అప్పుడే పుట్టిన పిల్లలు రెక్కలు లేకున్నా గాలి వాటున చెట్టు నుండి చెట్టుకు చేరాయి. అవి విసర్జించే తియ్యని జిగురుపై మసి వంటి బూజు పట్టి, సూదుల వంటి ఆకులకు ఎండ తగలకుండ చేసింది. మహావృక్షాలతో పాటు మొలకలూ ఎండిపోవడమే అసలు విషాదం. సుమారు పదేళ్లలో నూటికి తొంభైకి పైగా చెట్లు నశించాయి.

మందు చల్లితే సరిపోదా అన్న ప్రశ్న సహజమే. ఇదే పురుగు 2014-15 ప్రాంతంలో ఇటలీలోని నేపుల్స్‌లోను, తరువాత రోమ్‌లోను గొడుగు వంటి పైన్ చెట్లను పట్టినప్పుడు, మానుకు రంధ్రం చేసి మందు ఎక్కించారు. నగరంలో చెట్లను లెక్కపెట్టవచ్చు. అడవిలో అది సాధ్యం కాదు. అడవి అంతటా మందు చల్లితే మేలు చేసే కీటకాలు కూడ చస్తాయి. పరదేశపు శత్రు కీటకాలను తెచ్చి వదలాలన్నా, అవి మరే ప్రాణికీ హాని చేయవని ముందుగా తేలాలి.

అందుచేత దీవుల ప్రభుత్వం, లండన్‌లోని క్యూ ఉద్యానం సహకారంతో, పురుగును నిర్మూలించడం కంటె చెట్టు వంశాన్ని నిలపడంపై దృష్టి నిలిపింది. మిగిలిన చెట్ల నుండి విత్తనాలు సేకరించి, కొన్నింటిని ఇంగ్లండులోని విత్తన నిధిలో భద్రపరచారు. నార్త్ కైకోస్‌లోని నారుమడిలో మొక్కలను పురుగు సోకకుండ పెంచారు. పొదలు కమ్ముకొన్న నేలలో హద్దులు గీసి, అదుపు తప్పని మంట పెట్టారు. పైన్ మొలకకు బయలు నేల, నిండు ఎండ కావాలి మరి. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుఫానులు వెంటవెంటనే ఈ దీవులను తాకాయి. పల్లపు నేలలోకి సముద్రం పొంగితే ఉప్పునీటికి పైన్ వేళ్లు తాళలేవు. కనుక నాటవలసిన చోటును ఎంచుకోవడం కూడ అక్కడి వనపాలకులకు పురుగుతో పోరాడడమంత కష్టమైన పని అయింది.