పాయింట్ టూటూ రైఫిల్‌కు తక్కువ ఖర్చులో గురి కుదరాలంటే ఏం చేయాలి?

ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ డీలక్స్ రైఫిల్ పట్టి, 25 గజాల దూరాన ఐదు తూటాలు పేల్చినవాళ్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో చాలామందే ఉంటారు. కొందరికి ఆ ఇష్టం క్యాంపుతో పోదు. క్లబ్బులో చేరి 50 మీటర్ల టార్గెట్ ముందు బోర్లా పడుకున్నాక గానీ అసలు సంగతి తెలియదు. ఐదు తూటాలు ఐదు దిక్కులకు పోతాయి. ఇక కొత్త బ్యారెల్ ఎంత, ట్రిగ్గర్ ఎంత అని ఆరా మొదలవుతుంది. డబ్బు ఆ వరుసలో పెడితే జేబు ఖాళీ అవుతుంది, గురి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందు స్క్రూలు, తర్వాత తూటాలు, ఆపైన స్లింగు, చివరికి గాలి. బ్యారెల్ సంగతి వీటన్నిటి తర్వాత.

మొదట చట్టం. పాయింట్ టూటూ చిన్నదే కానీ ఆటబొమ్మ కాదు, దాని తూటా కిలోమీటరున్నర దాకా పోగలదు. కాబట్టి చెరువుకట్ట మీదో, కొండ వెనకో సాధన చేయడం కుదరదు. రైఫిల్ సొంతంగా ఉండాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఈ ఊళ్ల వాళ్లయితే దానికోసం జిల్లా కేంద్రం పుట్టపర్తి దారి పట్టాలి. అదే చట్టం ప్రకారం ఆయుధం మరమ్మతు, మార్పు లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. అనుమతి లేకుండా బ్యారెల్ కురచ చేయడం నేరం. కింద చెప్పినవన్నీ రైఫిల్ లోపలి యంత్రం జోలికి పోకుండా చేసుకునేవే. లైసెన్సు ఇంకా రాని వాళ్లు 20 జౌళ్ల శక్తి, 0.177 అంగుళాల బోరు దాటని ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టొచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే.

ఇప్పుడు లెక్క ఎంత సన్నగా ఉంటుందో చూడండి. 50 మీటర్ల టార్గెట్‌లో పది గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, తూటా వ్యాసం 5.6. తూటా అంచు గీతను తాకినా పదే. అంటే తూటా నడిబొడ్డు కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. లండన్‌లోనే 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీ, ఫైనల్లో జాయ్‌దీప్ కర్మాకర్ 699.1తో నాలుగో స్థానంలో ఆగిపోయాడు, కాంస్యం 701.0కి పోయింది. ఆ స్థాయిలో పతకం మిల్లీమీటర్ల మీద తేలుతుంది. మన స్థాయి వేరే అయినా కొలత అదే.

ఏదీ మార్చకముందు ఇప్పుడు ఎలా కొడుతోందో కాగితం మీద పెట్టండి. రేంజిలో ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, ఒకే రకం తూటాలతో ఐదేసి చొప్పున నాలుగు గ్రూపులు కొట్టండి. ఒక్కో గ్రూపులో అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు రంధ్రాల నడిమి దూరం కొలిచి, నాలుగింటి సగటు రాసుకోండి. నలుగురికీ చూపించేది ఒక్క మంచి గ్రూపే అయినా, రైఫిల్ గుణం చెప్పేది ఆ సగటే. పది మీద పడ్డాయా లేదా అన్నది ఇప్పుడు అనవసరం, దగ్గర దగ్గరగా పడ్డాయా అన్నదే చూడండి. సైట్ తిప్పి పదికి తేవడం తర్వాతి పని, దాన్నే జీరోయింగ్ అంటారు.

రేంజి నుంచి రాగానే బోల్ట్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ చిటికెన వేలితోనూ చూసుకుని, అప్పుడు స్క్రూల సంగతి పట్టించుకోండి. యాక్షన్‌ను, అంటే బోల్టూ ట్రిగ్గరూ ఉండే యంత్ర భాగాన్ని, కర్ర స్టాక్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు స్క్రూలు. మన ఎండాకాలపు పొడి గాలికి కర్ర ఎండి కుంచించుకుంటుంది, వానలు పడితే ఉబ్బుతుంది. అప్పుడే స్క్రూ వదులవుతుంది, పట్టు మారుతుంది, నిన్నటి గ్రూపు ఇవాళ రాదు. తయారీదారు పుస్తకంలో ఏ స్క్రూకు ఎంత బిగింపో ఉంటుంది. ఆ లెక్కకు బిగించే టార్క్ స్క్రూడ్రైవర్ ఒకటి నలుగురు కలిసి కొనుక్కున్నా నష్టం లేదు. చెయ్యి బలంతో 'గట్టిగానే ఉంది' అనుకోవడం లెక్కలోకి రాదు. సైట్ స్క్రూలు కూడా అప్పుడే చూడండి. గురి తప్పడానికి వదులు సైట్ చాలా సామాన్యమైన కారణం.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలే. రాడ్ చాంబర్ వైపు నుంచే పోవాలి, మూతి వైపు నుంచి కాదు. బ్యారెల్ మూతి అంచు మీద చిన్న గాటు పడ్డా తూటా బయటికి వచ్చేటప్పుడు దారి తప్పుతుంది. ఇంకొకటి: ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కి సాధన చేయకండి. పాయింట్ టూటూలో నిప్పు రాజేసే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది గనుక ఫైరింగ్ పిన్ కొట్టేది కూడా అంచునే. లోపల తూటా లేకపోతే అది చాంబర్ ఉక్కును కొట్టి అక్కడ నొక్కు పెడుతుంది. ఇంటి సాధనకు స్నాప్ క్యాప్, అంటే డమ్మీ తూటా, వాడండి.

ఇక తూటాలు. పెట్టిన డబ్బుకు తగ్గ ఫలం మొదట కనబడేది ఇక్కడే. మహా వేగంగా పోయే తూటా మంచిదనుకుంటారు చాలామంది. నిజానికి టార్గెట్ తూటాలు ధ్వని వేగానికి లోపలే, సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర పోతాయి. ధ్వనిని దాటి బయల్దేరిన తూటా దారిలో వేగం తగ్గి మళ్లీ ఆ గీత దాటేటప్పుడు కుదుపుకు లోనవుతుంది. కాబట్టి పెట్టె మీద స్టాండర్డ్ అనో, మ్యాచ్ అనో ఉన్నవి చూడండి. ఎలీ, ఎస్‌కే, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటివి రేంజిల్లో వినబడే పేర్లు. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది మీ బ్యారెల్‌కు నచ్చుతుందన్న పూచీ లేదు. ఒక బ్యారెల్ చౌక తూటాతో ముద్దగా కొట్టి, పక్క బ్యారెల్ అదే తూటాను చెల్లాచెదురు చేయడం మామూలే.

పరీక్ష ఇలా చేయండి. మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె తీసుకోండి. రకం మారినప్పుడల్లా ముందు పది తూటాలు లెక్కలో పెట్టకుండా పేల్చండి. ఒక్కో కంపెనీ తూటా మీద పూసే మైనపు పూత వేరు, పాతది పోయి కొత్తది బ్యారెల్‌కు అంటాలి. ఆ తర్వాతే ఐదేసి తూటాల గ్రూపులు. ఏది బాగా కొట్టిందో తేలాక పెట్టె మీద లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె, చూసి, అదే లాట్‌లో మీకు వీలైనన్ని కొనండి. ఫైరింగ్ పిన్ అడుగు నడుమ కొట్టే సెంటర్‌ఫైర్ తూటాల్లా వీటిని ఇంట్లో మళ్లీ నింపుకునే వీలు లేదు, కంపెనీ ఎలా చేసి పంపితే అలాగే పేల్చాలి. అదే పేరు, అదే రంగు పెట్టె, లాట్ మారితే గ్రూపు మారుతుంది. లైసెన్సు మీద తూటాలకు పరిమితి ఉంటుంది గనుక పరీక్షకు ఎన్ని పోతాయో ముందే లెక్క వేసుకోండి.

తర్వాత మీ ఒంటికి రైఫిల్ సరిపోయేలా చూసుకోవాలి. ప్రోన్ పొజిషన్‌లో బరువు మోసేది కండ కాదు, ఎముకా స్లింగూ. స్లింగు ఎడమ దండచెయ్యి పైభాగాన బిగుసుకుని, మరో కొస స్టాక్ ముందున్న హ్యాండ్ స్టాప్‌కు చేరుతుంది. బిగింపు సరిగా ఉంటే ఎడమ చెయ్యి సడలించినా రైఫిల్ పడదు. పరీక్ష సులువే: గురి పెట్టి, కళ్లు మూసి, రెండు శ్వాసలు తీసి, కళ్లు తెరవండి. గురి పక్కకు పోయి ఉంటే చేత్తో లాగకండి, ఎడమ మోచెయ్యి అక్కడే ఉంచి నడుము జరపండి. చెంప ఆనే చోటు తక్కువైతే దళసరి ఫోమ్ ముక్క టేపుతో అంటించి సర్దుకోండి. కన్ను ప్రతిసారీ సైట్ వెనక ఒకే చోటికి రావాలి. ముందు సైట్‌లో రింగు మరీ చిన్నది పెట్టుకుంటే గురి బాగుంటుందనేది కొత్తవాళ్ల భ్రమ. నల్ల వృత్తం చుట్టూ కాస్త తెల్లగా వెలుతురు కనబడాలి. లేకపోతే కన్ను అలసిపోయి, అంచు ఎక్కడో తేల్చుకోలేక తడబడుతుంది. టెలిస్కోప్ ఊసే వద్దు, ఈ పోటీల్లో దానికి అనుమతి లేదు.

గాలి మాత్రం మన వైపు వాళ్లకు వేరే పాఠం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం వస్తే పెనుకొండ చుట్టుపక్కల వీచే గాలి దుమ్ము లేపుతుంది. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి 50 మీటర్లలో ఈ తూటాను దాదాపు అంగుళం నెట్టేస్తుంది. గంటకు 5 కిలోమీటర్ల గాలి, అంటే ఆకు కదిలీ కదలనట్టుండే గాలి, సుమారు 8 మిల్లీమీటర్లు నెడుతుంది. పదికి మనకున్న వెసులుబాటు మొత్తం అంతే. కాబట్టి తప్పు రైఫిల్‌దని తిట్టే ముందు గాలి ఎటు ఉందో చూడండి. కుడి నుంచి వీస్తే తూటా ఎడమకు, కాస్త పైకి పోతుంది. ఎడమ నుంచి వీస్తే కుడికి, కాస్త కిందికి. తూటా కుడి వైపు సుడి తిరుగుతూ పోవడమే దీనికి కారణం.

అంతర్జాతీయ రేంజిల్లో 10, 30 మీటర్ల దగ్గర గాలి జెండాలు పెడతారు. మీకు కావలసింది రెండు పుల్లలు, రెండు పీలికలు. ధర్మవరంలో మగ్గం దగ్గర పారేసే పట్టు దారప్పోగులు అడిగితే ఇస్తారు. పట్టు తేలిక, సన్నగాలికే లేస్తుంది. ఒక్కో పుల్లకు రెండు మూడు పోగులు కట్టి, తూటా దారికి అడ్డం రాకుండా పక్కగా, రేంజి అధికారి అనుమతితో, కాల్పులు ఆపి ఉన్నప్పుడే నాటండి. పోగు ఏ కోణంలో ఉన్నప్పుడు తూటా ఎక్కడ పడిందో టార్గెట్ కాగితం వెనకే గీసుకోండి. గాలితో పోట్లాడటం కన్నా, అది పోగును ఒకే తీరున ఆడించే క్షణం కోసం ఆగడం మేలు.

ఇన్నీ చేసి, ఎంచుకున్న లాట్‌తో, గాలి లేని పొద్దుటి పూట, మీకన్నా నేర్పరి ఒకరు పట్టి కొట్టినా గ్రూపు మొదటి సగటు దగ్గరే ఉంటే, అప్పుడు లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. బ్యారెల్ మూతి అంచు, స్టాక్‌లో యాక్షన్ కూర్చున్న తీరు, ట్రిగ్గర్ బరువు చూడమనండి. మొదటి రోజు కాగితాలూ నిన్నటి కాగితాలూ రెండూ చేతిలో పెట్టుకుని వెళ్లండి. వట్టి 'సరిగా కొట్టడం లేదు' అని వెళ్లిన వాళ్లకు కొత్త బ్యారెల్ అమ్మడం అతనికి సులువు.