డ్రాయింగు వెనక్కి ఇచ్చేయమన్నప్పుడు

ఎక్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నేను ముందు షా ఆలమ్ ఫ్యాక్టరీ సంగతి చెబుతాను. షా ఆలమ్ మలేషియాలో, కౌలాలంపూర్‌కు దగ్గర్లో ఉంది. అక్కడి స్కోప్ అనే ప్రెసిషన్ ఇంజనీరింగ్ కంపెనీకి దుబాయ్ నుంచి ఆర్డర్ వచ్చింది. 14 రకాల సెమీ ఫినిష్డ్ పార్టులు, విలువ కోటీ ముప్ఫై లక్షల రింగిట్లు, చమురు గ్యాస్ పరిశ్రమకని చెప్పారు. పని దగ్గరుండి చూసుకోడానికి ఉర్స్ టిన్నర్ అనే స్విస్ ఇంజనీరు వచ్చాడు. పార్టు మెషినింగ్ పూర్తి కాగానే దాని డ్రాయింగు తిరిగి తీసేసుకునేవాడు. ఎందుకంటే, ట్రేడ్ సీక్రెట్ అనేవాడు. 2003 అక్టోబర్‌లో వెళ్లిపోతూ, తను వాడిన కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు, ఆఫీసులో ఉన్న తన పర్సనల్ ఫైలు కూడా పట్టుకుపోయాడు.

అదే నెలలో దుబాయ్ నుంచి లిబియా వెళ్తున్న బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి, ఐదు కంటైనర్లు దించారు. లోపల ఉన్నవి సెంట్రిఫ్యూజ్ పార్టులు. యురేనియం వాయువును విపరీతమైన వేగంతో తిప్పి బాంబుకు పనికొచ్చే భాగాన్ని వేరుచేసే యంత్రాలవి. చెక్కపెట్టెల మీద స్కోప్ పేరు అలాగే ఉంది. ఆర్డర్ వెనక ఉన్నది పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్, ఆయన తరఫున దుబాయ్‌లో లావాదేవీలు నడిపిన తాహిర్ అనే శ్రీలంక వ్యాపారి. మలేషియా పోలీసులు 2004 ఫిబ్రవరిలో రిపోర్టు ఇస్తూ కంపెనీకి అసలు సంగతి తెలియదని తేల్చారు. తేలడం ఒక ఎత్తు. తేలేలోపు ఆ డిస్పాచ్ కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లు పోలీసులకు ఏం చెప్పుకోవాలో ఆలోచించండి.

మీరు హైదరాబాద్ బాలానగర్‌లో సీఎన్‌సీ షాపులో క్వాలిటీ చూస్తున్నా, దుబాయ్ జెబెల్ అలీ రేవులో ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గర డాక్యుమెంటేషన్ చేస్తున్నా, ఇలాంటి ఆర్డర్ మీ టేబుల్ మీదకు రావడానికి మీరు అణు శాస్త్రవేత్తలే కానక్కర్లేదు. ఆర్డర్ మీద "బాంబు పార్టు" అని రాసి ఉండదు. పంపు పార్టు అనో, ట్యూబ్ అనో, బేరింగ్ హౌసింగ్ అనో ఉంటుంది.

డ్రాయింగు వెనక్కి అడిగినవాడల్లా దొంగ కాడు. డిఫెన్స్ కస్టమర్లు అడుగుతారు, పేటెంట్ ఉన్నవాళ్లూ అడుగుతారు. నిజమైన కస్టమర్ దాన్ని ముందే అగ్రిమెంటులో రాస్తాడు, డ్రాయింగు మీద తన కంపెనీ పేరు, పార్టు నంబరు ఉంచుకుంటాడు. టైటిల్ బ్లాక్ ఖాళీగా ఉండి, ఎండ్ యూజర్ ఎవరో చెప్పకుండా, రేటు దగ్గర మాత్రం బేరం ఆడకుండా, "ఈ పేపరు మీ దగ్గర ఉండకూడదు" అన్నాడంటే అప్పుడు ఆగండి. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అన్నీ కలిస్తే ఊరుకోకూడదు.

క్వాంటిటీ సంగతి ఇంకా తేలిక. ట్రిగర్డ్ స్పార్క్ గ్యాప్ అని ఒక చిన్న స్విచ్ ఉంది. కిడ్నీలో రాళ్లను పగలగొట్టే యంత్రంలో వాడతారు. అణుబాంబు పేల్చే ఏర్పాటులోనూ పనికొస్తుంది. 2003లో దక్షిణాఫ్రికాలో ఉండే అషర్ కార్నీ అనే వ్యాపారి అమెరికా కంపెనీకి అవి 200 కావాలని ఆర్డర్ పెట్టాడు. కాగితాల మీద ఉన్నది సొవెటోలోని బరగ్వనాథ్ ఆస్పత్రి. ఎంత పెద్ద ఆస్పత్రికైనా అవి నాలుగైదు చాలు. సరుకు దక్షిణాఫ్రికా మీదుగా పాకిస్తాన్‌కు వెళ్తోందని పేరు చెప్పని మనిషి ఒకరు అమెరికా అధికారులకు ముందే చేరవేశారు. వాళ్లు కంపెనీతో మాట్లాడి, పనిచేయకుండా చేసిన 66 పీసులు పంపించి వెంబడి నిఘా పెట్టారు. 2004 జనవరి 1న డెన్వర్ ఎయిర్‌పోర్టులో కార్నీని పట్టుకున్నారు. మూడేళ్ల శిక్ష పడింది. టార్గెట్ ఒత్తిడిలో ఉన్న సేల్స్ మనిషికి 200 పీసుల ఆర్డర్ పండగలా కనిపిస్తుంది. "ఆస్పత్రికి ఇన్నెందుకు" అని అడగడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

సరే, మన చట్టం ఏమంటుందో క్లుప్తంగా. ఎగుమతి మీద కంట్రోల్ ఉన్న వస్తువుల జాబితాను స్కోమెట్ లిస్టు అంటారు. అందులో ఉన్న సరుకుకు లైసెన్స్ కావాలి. లిస్టు, లైసెన్సులు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) చూస్తుంది. అణు సంబంధమైన సున్నా కేటగిరీకి అణుశక్తి శాఖ దగ్గరికి వెళ్లాలి. చాలామంది ఇక్కడితో ఆగి, లిస్టులో లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకుంటారు. 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం ప్రకారం, విదేశీ వాణిజ్య చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, లిస్టులో లేని వస్తువైనా అణ్వాయుధం కోసమని తెలిసి పంపితే నేరమే. సరుకు ఒక్కటే కాదు, టెక్నాలజీ కూడా లెక్కలోకి వస్తుంది. కంట్రోల్ లిస్టులో ఉన్న పార్టు డ్రాయింగును విదేశీ పార్టీకి ఈమెయిల్ చేయడం కూడా ఎగుమతే. "శాంపిల్ డ్రాయింగే కదా" అని అటాచ్ చేసేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాపారంలో మనలాంటివాళ్లను ఎక్కువగా ముంచే మాట ఒకటుంది: "దీని వెనక గవర్నమెంటు ఉంది, మీకేం భయం లేదు." ఒక్కోసారి అది నిజం కూడా. అందుకే ఎక్కువ ప్రమాదం.

ఖాన్ వ్యవహారమే చూడండి. 2000 జూలైలో పాకిస్తాన్ వాణిజ్య శాఖ అణు పదార్థాలు, పరికరాలు ఎగుమతి చేయాలంటే ఎవరికి ఎలా దరఖాస్తు పెట్టాలో పేపర్లో ప్రకటనే ఇచ్చింది. ఖాన్ ప్రయోగశాల బ్రోషర్లు అదే ఏడాది కరాచీ ఆయుధ ప్రదర్శనలో పంచారు. చూసినవాళ్లకు అంతా అధికారికంగానే అనిపించి ఉంటుంది. అంతకుముందు 1994-95 ప్రాంతంలో వాడిన సెంట్రిఫ్యూజ్‌లు రెండు కంటైనర్ల నిండా దుబాయ్ మీదుగా ఇరాన్ వెళ్లాయి. తాహిర్ పోలీసులకు చెప్పిన ప్రకారం దానికి సుమారు 30 లక్షల డాలర్లు రెండు బ్రీఫ్‌కేసుల్లో నగదుగా వచ్చాయి. ఆ బ్రీఫ్‌కేసులు ఖాన్ దుబాయ్ వచ్చినప్పుడు దిగే ఫ్లాట్‌లో పెట్టారు. ప్రభుత్వ వ్యాపారమే అయితే పేమెంట్ ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) మీద రావాలి, బ్యాంకులో కనపడాలి. బ్రీఫ్‌కేసులో ఎందుకొస్తుంది?

2004 ఫిబ్రవరి 4న ఖాన్ టీవీలో కనిపించి, తప్పంతా తనదే, ప్రభుత్వం అనుమతి ఏదీ లేదని చెప్పాడు. మర్నాడు పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ క్షమాభిక్ష ఇచ్చాడు, కానీ ఖాన్‌ను ఇంట్లోనే నిర్బంధించి ఉంచారు. 2008లో ఖాన్ మాట మార్చి, ఉత్తర కొరియాకు సెంట్రిఫ్యూజ్‌లు వెళ్లిన సంగతి సైన్యానికి తెలుసన్నాడు. 2009లో ఇస్లామాబాద్ హైకోర్టు ఆ గృహ నిర్బంధం ఎత్తేసింది. ఎవరిది అబద్ధమో మీరూ నేనూ తేల్చలేం, తేల్చక్కర్లేదు కూడా. గమనించాల్సింది వేరే. ప్రభుత్వానికి తన మనిషిని ఒక్క రోజులో క్షమించడం తెలుసు. తాహిర్ మాత్రం 2004 మేలో మలేషియాలో విచారణ లేకుండా నిర్బంధంలోకి వెళ్లాడు. టిన్నర్ స్విట్జర్లాండ్‌లో ఏళ్ల తరబడి కస్టడీలో ఉన్నాడు. అక్కడా ప్రభుత్వం చేయి ఉంది. టిన్నర్ కేసు ఫైళ్లలోని అణు పత్రాలను ధ్వంసం చేయాలని 2007లో స్విస్ ప్రభుత్వమే నిర్ణయించి, ధ్వంసం చేయించి, ఆ సంగతి 2008లో బయటపెట్టింది. మీ తప్పేమీ లేదని చూపించే కాగితం ఆ కుప్పలో ఉంటే అదీ పోయినట్టే.

అందుకని ఎవరైనా "పైనుంచి ఓకే ఉంది" అంటే, లైసెన్స్ నంబరు అడగండి. నంబరు, తేదీ, ఏ శాఖ ఇచ్చింది, ఏ సరుకుకు, ఎంత క్వాంటిటీకి, ఏ ఎండ్ యూజర్‌కు. ఇవి లేని "ఓకే" నోటిమాటే. మంత్రిగారి పీఏ ఫోన్ చేసినా నోటిమాటే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట, ఓడ బయల్దేరే మూడు రోజుల ముందు కన్‌సైనీ పేరు మార్చమన్నారు. కొత్త పేరు వేరే దేశంలోది. మా పెద్దాయన క్యాబిన్ గుమ్మంలో నిలబడి "పార్టీ అడిగింది, మార్చేయ్ బాబూ" అన్నారు. మార్చేశాను. ఆరు నెలలకు కస్టమ్స్ నుంచి నోటీసు వచ్చింది. సరుకు మామూలు పంపు పార్టులే, చివరికి ఏమీ కాలేదు. కానీ నాలుగుసార్లు వెళ్లి కూర్చున్నది నేను. ఎవరు మార్చమన్నారని అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క మెయిల్ లేదు. పెద్దాయనకు ఆ సంగతి గుర్తు లేదట.

అప్పట్నుంచి నోటిమాట వచ్చిన పది నిమిషాల్లో మెయిల్ పెడతాను. గొడవ పెట్టుకున్నట్టు కాదు, మామూలుగానే. "సార్, మీరు ఇప్పుడు చెప్పినట్టు కన్‌సైనీ పేరు మారుస్తున్నాను. కొత్త పార్టీ ఎండ్ యూజ్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు. అది వచ్చాక షిప్పింగ్ బిల్ ఫైల్ చేస్తాను. వేరేలా చేయమంటే చెప్పగలరు." ఇంతే. నిజమైన ఆర్డర్ అయితే మధ్యాహ్నానికి సర్టిఫికెట్ వస్తుంది. కాకపోతే పెద్దాయనే మీ టేబుల్ దగ్గరికి వస్తారు. అప్పుడు మీకు తెలియాల్సింది తెలిసిపోతుంది.

అనుమానం పైవాళ్లకు చెప్పడం గురించి మాత్రం తియ్యటి మాటలు చెప్పను. ఖాన్ 1972 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎఫ్‌డీఓ అనే కంపెనీలో పనిచేశాడు. యూరోపియన్ దేశాల ఉమ్మడి కంపెనీ యురెన్కోకు ఇది సబ్‌కాంట్రాక్టర్. ఫ్రిట్స్ వీర్మన్ అనే టెక్నీషియన్ అతని సహోద్యోగి, స్నేహితుడు. ఖాన్ ఇంటికి వెళ్లినప్పుడు రహస్య సెంట్రిఫ్యూజ్ డ్రాయింగులు అక్కడ కనిపించాయి. పైవాళ్లకు చెప్పాడు. ఎవరితోనూ అనొద్దన్నారు. 1975 చివర్లో ఖాన్ పాకిస్తాన్ వెళ్లి తిరిగి రాలేదు. పైగా టెక్నికల్ వివరాలు అడుగుతూ వీర్మన్‌కే ఉత్తరాలు రాశాడు. అవీ పైవాళ్లకు ఇచ్చాడు వీర్మన్. 1978లో ఉద్యోగం పోయింది, వీర్మన్‌దే. ఖాన్‌ను వదిలేయమని సీఐఏ అడిగిందని మాజీ డచ్ ప్రధాని లుబ్బర్స్ 2005లో చెప్పాడు. వీర్మన్‌కు అన్యాయం జరిగిందని నెదర్లాండ్స్‌లో అధికారికంగా ఒప్పుకున్నది 2020లో. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఖాన్ చనిపోతే ఇస్లామాబాద్‌లో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

చెప్పొద్దని కాదు నేననేది. చెప్పే తీరు చూసుకోమంటున్నాను. ఒక్క మేనేజర్‌కు నోటితో చెప్పి వదిలేయకండి. కంప్లయన్స్ చూసే మనిషికి కూడా కాపీ పెట్టండి. చూసింది మాత్రమే రాయండి. "వీడు స్మగ్లర్" అని కాదు, "టైటిల్ బ్లాక్ లేదు, ఎండ్ యూజర్ పేరు రెండుసార్లు మారింది" అని. ఆఫీసు డ్రాయింగులు, ఫైళ్లు ఇంటికి పట్టుకెళ్లకండి. రేపు దొంగతనం కేసు మీ మీదకే తిరుగుతుంది. మీ డైరీలో తేదీ, టైము, ఎవరితో మాట్లాడారో రాసుకుంటే చాలు. దుబాయ్, సింగపూర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి: ఉద్యోగం పోతే వీసాకూ గడువు మొదలవుతుంది. నోరు తెరిచే ముందు ఇంట్లో మాట్లాడుకుని, నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి.

ఇక డ్రాయింగు వెనక్కి అడిగినప్పుడు. ఇచ్చేయండి, అది వాళ్ల ఆస్తే. ఇచ్చే ముందు ఇన్‌వర్డ్ రిజిస్టర్ తెరిచి డ్రాయింగు నంబరు, రివిజన్, తేదీ, ఎన్ని పీసులు చేశామో రాసి, తీసుకున్నవాళ్ల పేరు, సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే ఆ మాట కూడా అదే లైనులో రాయండి.