సందేహాలు - సమాధానాలు: క్లాసుల నుంచి టైపుల దాకా

ప్రశ్న: చాలా ఏళ్లుగా జావాలో పనిచేస్తున్నాను. ఇప్పుడు మా టీమ్ హ్యాస్కెల్‌కి మారింది. పేమెంట్ అని ఒక బేస్ క్లాసు, దాని కింద నగదు, కార్డు, యూపీఐ సబ్‌క్లాసులు రాయడం నాకు అలవాటు. ఇక్కడ ఇన్‌హెరిటెన్సే లేదే! ఏం చేయాలి?
- ఒక డెవలపర్, హైదరాబాద్

జవాబు: "పేమెంట్ అంటే నగదు, లేదా కార్డు, లేదా యూపీఐ" అని ఒకే టైపులో రాసేయండి. ఏ రకానికి ఏ వివరాలు కావాలో అవే దాని పక్కన పెట్టండి. కార్డుకి చివరి 4 అంకెలు, యూపీఐకి లావాదేవీ నంబరు, నగదుకి ఏమీ అక్కర్లేదు. దీన్ని సమ్ టైపు అంటారు. ఇదేమీ నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు, 1980 నాటి హోప్ భాషలోనే ఉంది. జావా కూడా 17లో సీల్డ్ క్లాసులు, 21లో స్విచ్‌కి ప్యాటర్న్ మ్యాచింగ్ తెచ్చుకుని ఈ దారికే వచ్చింది.

అయితే జావా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇన్‌హెరిటెన్స్ దగ్గర కాదు, ఫ్లాగుల దగ్గర. ఆర్డర్ రికార్డులో "చెల్లించారా, పంపించామా, రద్దయిందా" అని 3 బూలియన్లు పెట్టేస్తారు. అవి 8 రకాలుగా కలుస్తాయి. పంపిన తేదీ ఉంటుంది, "పంపించామా" మాత్రం ఫాల్స్ అంటుంది. అలాంటి ఆర్డర్‌ని ఏం చేసుకోవాలి? ఆ ఫ్లాగులు తీసేసి, ఆర్డర్ ఏయే దశల్లో ఉండగలదో ఒక్కో దశనీ సమ్ టైపులో ఒక్కో రకంగా రాయండి. పంపిన తేదీ "పంపిన ఆర్డర్"లోనే ఉంటుంది, మరెక్కడా ఉండదు. అర్థంలేని స్థితిని అసలు రాయడానికే వీల్లేకుండా చేయాలన్న ఈ సూత్రాన్ని ఓకామెల్ వాళ్లలో ప్రచారం చేసింది యారోన్ మిన్‌స్కీ. డబ్బు రాకముందే పంపడం తప్పా ఒప్పా అన్నది మాత్రం మీ వ్యాపారం వాళ్లనే అడగండి. క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే అది మామూలే మరి.

ప్రశ్న: మరి మెథడ్లు ఎక్కడ పెట్టాలి? రేపు వాలెట్ అని కొత్త రకం వస్తే ప్రతి ఫంక్షన్‌నీ తెరిచి మార్చాలి కదా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మార్చాలి. ఫిలిప్ వాడ్లర్ 1998లో "ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్" అని పేరుపెట్టింది ఈ చిక్కుకే. క్లాసుల్లో కొత్త రకం కలపడం తేలిక, కొత్త పని కలపాలంటే అన్ని క్లాసులూ తిరగాలి. సమ్ టైపుల్లో ఇది తిరగబడుతుంది. పేమెంట్ రకాలు ఎప్పుడో గానీ పెరగవు. రసీదు, రీఫండ్, రిపోర్టు అంటూ పనులు మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి మీకు ఇదే లాభం. బయటివాళ్లు కొత్త రకాలు కలిపే ప్లగిన్ వ్యవస్థ అయితే మాత్రం టైప్ క్లాసో, ఫంక్షన్లే ఫీల్డులుగా ఉన్న రికార్డో వాడండి.

మార్చాల్సిన చోట్లను కంపైలరే వెతికిపెడుతుంది, మీరు దానికి అడ్డుపడకపోతే. జీహెచ్‌సీలో అసంపూర్ణ ప్యాటర్న్ల హెచ్చరికను ఆన్ చేసుకోండి, దాన్ని ఎర్రర్‌గా మార్చుకుంటే ఇంకా మంచిది. కేస్ చివర "మిగతావన్నీ" అని అండర్‌స్కోర్ పెట్టే అలవాటు మానుకోండి. అది ఉంటే వాలెట్ వచ్చినా కంపైలర్ నోరెత్తదు.

ప్రశ్న: ప్రైవేట్ ఫీల్డులు లేకుండా తప్పుడు మొబైల్ నంబరును ఆపేదెలా?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మాడ్యూల్ నుంచి టైపు పేరు ఎగుమతి చేయండి, కన్‌స్ట్రక్టర్‌ని చేయకండి. స్ట్రింగ్ తీసుకుని సరిచూసి, "మేబీ మొబైల్ నంబర్" తిరిగిచ్చే ఫంక్షన్ ఒక్కటే బయటికి ఇవ్వండి. ఆ తర్వాత ఏ ఫంక్షన్ చేతికి ఆ టైపు వచ్చినా, నంబరు సరైనదో కాదో మళ్లీ చూడక్కర్లేదు.

ప్రశ్న: దేన్నీ మార్చకూడదంటే, 10 లక్షల ఎంట్రీల మ్యాప్‌లో ఒక్కటి మారినా అంతా కాపీ చేయాలా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. హ్యాస్కెల్ మ్యాప్ లోపల ఉన్నది సమతూకంగా ఉండే ఒక చెట్టు. మారిన చోటి నుంచి వేరు దాకా ఉన్న కొద్ది నోడ్లు, మహా అయితే కొన్ని పదులు, కొత్తగా తయారవుతాయి. మిగిలిన చెట్టంతా పాత మ్యాపూ కొత్త మ్యాపూ పంచుకుంటాయి. ఎవరూ మార్చలేరు గనక పంచుకున్నా ప్రమాదం లేదు. పెద్ద పెద్ద అంకెల అరేలను లూపుల్లో తిప్పే పని అయితే మాత్రం మొహమాటపడకుండా ఎస్‌టీ మొనాడ్‌లో మ్యూటబుల్ అరే వాడేయండి.